న్యూజిలాండ్ మేడమ్ దగ్గర మూడేళ్ళ ఇంగ్లీషు: నా అనుభవం

మాది ఒంగోలు. పాల శీతలీకరణ కేంద్రంలో ల్యాబ్ పని చేస్తాను, మధ్యాహ్నం డ్యూటీ. 2022 జూన్ నుంచి ప్రతి శుక్రవారం పొద్దున్నే గంటసేపు, న్యూజిలాండ్‌లో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గర ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకుంటున్నాను. క్లాసుకు 600 రూపాయలు. చేరేముందు నేను చదివిన అభిప్రాయాలన్నీ నెల తిరక్కుండా రాసినవే. అందుకే మూడేళ్ళు దాటాకే రాద్దామని ఆగాను.

నాకు ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చు. నోరు తెరవడమే కష్టం. ఏడో తరగతి దాకా మా ఊళ్ళో తెలుగు మీడియం చదివాను. ఎనిమిదికి టౌనులో ఇంగ్లీషు మీడియం స్కూల్లో వేశారు. అక్కడ తెలుగు మాట్లాడితే మాటకు రూపాయి జరిమానా. ఆ రూపాయికి భయపడి అసలు మాట్లాడటమే మానేశాను. ఉద్యోగంలో చేరాక కూడా ఇంగ్లీషులో ఫోన్ వస్తే పక్కవాళ్ళకు ఇచ్చేసేదాన్ని.

మొదటి క్లాసులో పేరు, ఊరు, పని చెప్పేసరికే చెమటలు పట్టాయి. రెండో వారం సెలవన్నారు. అది జూన్ 24, మతారికి పండగ. ఆ దేశంలో ఆ పండక్కి ప్రభుత్వ సెలవు ఇవ్వడం ఆ ఏడాదితోనే మొదలు. మూడో వారం మేడమ్ ఒక ఫొటో చూపించారు. నల్లటి ఆకాశంలో గుత్తిగా చిన్న చిన్న చుక్కలు. చూడగానే గుర్తుపట్టాను, మన కృత్తికలు! అక్కడి మూలవాసులైన మావోరీలు వాటినే మతారికి అంటారు. జూన్, జులైలు వాళ్ళకు నడి చలికాలం. కొన్నాళ్ళు కనపడకుండా పోయిన ఆ చుక్కలు తెల్లవారుజామున మళ్ళీ తూర్పున పొడిస్తే వాళ్ళకు కొత్త సంవత్సరం. ఆ ఏడాది పోయినవాళ్ళను తలుచుకుంటూ, చుక్కల వైపు చూసి వాళ్ళ పేర్లు పలుకుతారట.

నాకు ఆగలేదు. మా నాన్న సేద్యమంతా కార్తెల లెక్కనే చేసేవాడని, మేలో కృత్తిక కార్తె వస్తుందని, అప్పుడు సూర్యుడు ఆ చుక్కల దగ్గరే ఉంటాడు కాబట్టి అవి కనపడవని, కార్తీక మాసానికి ఆ పేరు కృత్తికల వల్లే వచ్చిందని చెప్పుకుంటూ పోయాను. కార్తెకు ఇంగ్లీషు మాట తెలియక చేతులతో చూపించాను. క్రియలన్నీ తప్పులే. ఆపి గడియారం చూస్తే పదిహేను నిమిషాలు. నా జన్మలో అంతసేపు ఇంగ్లీషు మాట్లాడటం అదే మొదలు. మర్నాడు నాలుగున్నరకే మేడెక్కి చూశాను. మబ్బు తెరిపిచ్చిన చోట, కొబ్బరి చెట్ల పైన ఉన్నాయి.

ఈ క్లాసులో నాకు నచ్చింది ఇదే. ఇంతకుముందు యాప్‌లలో రైల్వే స్టేషన్లో టికెట్ కొనడం, హోటల్లో కాఫీ అడగడం లాంటివి బట్టీ పట్టాను. ఏ ఊరి రైలో, ఎవరి కాఫీయో తెలియదు, ఒక్క ముక్క మనసులో నిలవలేదు. ఇక్కడ ప్రతి మాటకూ ఒక ఇల్లుంది. మేడమ్ ఒకసారి ‘డెయిరీకి వెళ్ళొచ్చాను’ అంటే, నేను ఫ్యాట్ ఎంత వచ్చిందని అడిగాను. వాళ్ళకు డెయిరీ అంటే వీధి చివరి చిల్లర కొట్టు, ఆమె తెచ్చింది బ్రెడ్డు. విందుకు పిలిచి ‘ప్లేటు తెచ్చుకోండి’ అంటే ఖాళీ ప్లేటు కాదు, వండినదేదో తీసుకురమ్మని. కుటుంబాన్ని ఇంగ్లీషు మాట్లాడుతూనే ‘ఫానౌ’ అంటారు, అది మావోరీ మాట.

మావోరీ మాటలు కూడా తెలుగు మాటల్లా అచ్చుతోనే ముగుస్తాయి. మనం బస్సు, పెన్ను అన్నట్టే వాళ్ళు షీప్‌ను హిపి అని, మిల్క్‌ను మిరక అని చేసుకున్నారు. దీర్ఘం మారితే అర్థం మారుతుంది: కెకె అంటే కేకు, కేకే అంటే చంక. ఆ తేడా మేడమ్‌కు ఇప్పటికీ తడబాటేనట. నాకు వినగానే తెలిసింది. ఆమె తెల్లవారు, ఈ వయసులో సాయంత్రాలు మావోరీ నేర్చుకోవడానికి వెళ్తున్నారు.

ఆమే చెప్పారు, 1867 చట్టం తర్వాత మావోరీ పిల్లల బళ్ళలో ఇంగ్లీషే చదువైందని, తమ భాష మాట్లాడిన పిల్లల్ని కొట్టేవారని. 1972లో 30,000కు పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీ వెళ్ళింది. 1982లో పసిపిల్లలకు ‘కోహంగ రెయో’లు, అంటే భాషా గూళ్ళు, మొదలయ్యాయి. 1987లో మావోరీ అధికార భాష అయింది. ఆ రోజు నా రూపాయి సంగతి మొదటిసారి ఒకరికి చెప్పాను, అదీ ఇంగ్లీషులో. మేడమ్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘ఆ స్కూల్లో నువ్వు చెప్పలేకపోయిన మాట ఏదైనా ఉంటే తెలుగులో చెప్పు, వింటాను’ అన్నారు. చెప్పాను.

లోపాలూ ఉన్నాయి. వాళ్ళ యాస వేరు: ‘పెన్’ అంటే ‘పిన్’ అని, ‘టెన్’ అంటే ‘టిన్’ అని వినిపిస్తుంది. మొదటి ఆరు నెలలు చాలా తికమక పడ్డాను, వేరే దేశాలవాళ్ళ మాట విడిగా వినక తప్పలేదు. వ్యాకరణం వరసగా చెప్పరు, తప్పు దొర్లినప్పుడే దిద్దుతారు. క్లాసు కుదిర్చిన వెబ్‌సైటు 30 రోజులకే రికార్డింగులు తీసేస్తుంది. ఆ సంగతి ముందు చెప్పలేదు, నా మొదటి నెలలన్నీ అలా పోయాయి. కృత్తికల క్లాసు కూడా అందులోనే పోయిందని ఇప్పటికీ బాధ. చేరేవాళ్ళు పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి.

ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లాంటి పరీక్షకైతే ఇది సరిపోదు, దానికి విడిగా కోచింగ్ కావాలి. చదువు ఉండి నోరు పెగలనివాళ్ళకు మాత్రం గట్టిగా చెప్తాను, చేరండి. ఒక్క సంగతి: సెప్టెంబరు ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం గంట ముందుకు జరుపుతారు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట క్లాసు మనకు ఆరున్నర నుంచి ఐదున్నరకు మారి, ఏప్రిల్ దాకా అలాగే ఉంటుంది.