సర్జన్ల ఇన్నోవేషన్ సెల్: పేటెంట్ దాకా భేష్, ప్రోటోటైప్ దగ్గర తడబాటు

ఆపరేషన్ థియేటర్‌లో తట్టిన ఆలోచనను పరికరంగా చేసి మార్కెట్‌లోకి పంపిస్తామంటూ డెల్టాలో ఒక యూనివర్సిటీ సెల్ నడుపుతోంది. కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు సర్జన్లు దాని గురించి అడుగుతున్నారు కాబట్టి అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో వివరంగా రాస్తున్నాం. పేరు రాయడం లేదు. ఈ తరహా సెల్ ఎక్కడున్నా లెక్క దాదాపు ఇదే.

మొదటి సిటింగ్ చాలా బాగుంటుంది. పరికరం బొమ్మ గీసుకుని వెళ్తే పక్కన పెట్టేస్తారు. "అది తర్వాత చూద్దామండి, ముందు సమస్య చెప్పండి" అంటారు. "షుగర్ పుండుకు చవకైన వ్యాక్ మెషీన్ కావాలి" అని రాస్తే ఒప్పుకోరు (వ్యాక్ అంటే పుండు మీద ఫోమ్ పెట్టి మూసి, పంపుతో రసిని లాగేసే యంత్రం). సమస్య ఏంటి, ఎవరికి, ఏం మారితే నయమైనట్టు అనే మూడూ ఒకే వాక్యంలో రావాలి. "చేలల్లో, చెరువు గట్ల మీద పనిచేసే షుగర్ పేషెంట్లకు అరికాలి పుండు మానేదాకా డ్రెస్సింగ్ కోసం ఆసుపత్రికి తిరిగే బాధ తప్పించడం" అని రాస్తే ముందుకెళ్తారు. స్టాన్‌ఫర్డ్‌లో 2000ల తొలినాళ్లలో మొదలై, 2007లో ఢిల్లీ ఎయిమ్స్, ఐఐటీలతో మన దేశానికి వచ్చిన బయోడిజైన్ పద్ధతి ఇది. ఇంజినీరింగ్ పిల్లల్ని డ్రెస్సింగ్ రూమ్‌లో నిలబెట్టి చూడమనడం కూడా అందులో భాగమే. చాలామంది సర్జన్లకు మింగుడుపడని ప్రశ్న ఒకటి ఇక్కడే అడుగుతారు: "డాక్టరుగారూ, దీన్ని వాడేది మీరు సరే, కొనేది ఎవరండీ?"

పేటెంట్ విభాగం ఇంకా గట్టిది. 1970 పేటెంట్ల చట్టంలో మూడో సెక్షన్ ప్రకారం ఆపరేషన్ చేసే విధానానికి పేటెంట్ రాదు, పరికరానికి వస్తుంది. కొత్త కుట్టు పద్ధతి కనిపెడితే అది జర్నల్లో పేపర్‌ రాయడానికే పనికొస్తుంది. ఆ కుట్టు కోసం చేసిన, సూదిని పట్టుకునే నీడిల్ హోల్డర్ కొత్తదైతే దరఖాస్తు చేయొచ్చు. ఈ తేడా వాళ్లు మొదటి రోజే తేల్చేస్తారు.

సర్జన్ల వైపు నుంచి ఎక్కువగా జరిగే తప్పు, ఫైల్ చేయకముందే కాన్ఫరెన్స్‌లో స్లైడ్లు చూపించేయడం. పండిత సంఘం ముందు చదివిన పేపర్‌కు చట్టంలో 12 నెలల వెసులుబాటు ఉంది కానీ దాని పరిధి ఇరుకు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన వీడియోను అది కాపాడదు. ముందు ప్రొవిజనల్, అంటే తేదీని ఖాయం చేసే తాత్కాలిక దరఖాస్తు వేయాలి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, విద్యాసంస్థలకు ఫీజు 1,600 రూపాయలే, మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తుంది. అక్కడి నుంచి 12 నెలల్లో పూర్తి వివరాల కంప్లీట్ స్పెసిఫికేషన్ పడకపోతే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. 2024 సవరణ తర్వాత, దరఖాస్తును పరీక్షించమని పేటెంట్ ఆఫీసును అడిగే గడువు 48 నెలల నుంచి 31కి తగ్గింది. ఈ తేదీలు సెల్ వాళ్లే గుర్తుచేస్తారు, అయినా మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి.

ఇక్కడ చూసుకోవాల్సినవి రెండు. క్లెయిముల్లో, అంటే హక్కు దేని మీదో చెప్పే వాక్యాల్లో, ఫలానా మోడల్ పంపు, ఫలానా సైజు గొట్టం అని రాసేస్తుంటారు. పోటీవాడు పంపు మార్చితే మీ పేటెంట్ గోడకు వేలాడే సర్టిఫికెట్టే. రెండోది యాజమాన్యం. గవర్నమెంట్ ఉద్యోగంలో ఉంటే హక్కు ఎవరిదో ఫైలింగ్‌కు ముందే కాగితం మీద తేల్చుకోవాలి, ఆలోచనలో పాలుపంచుకున్న విద్యార్థుల పేర్లు ఇన్వెంటర్లుగా చేర్చాలి. పిల్లల పేర్లు వదిలేసిన దరఖాస్తుకు తర్వాత అభ్యంతరం వస్తే మర్యాదా పోతుంది, హక్కూ పోతుంది.

ప్రోటోటైప్ ల్యాబ్ దగ్గరే నిరాశ. ఉన్నదల్లా పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తీగతో అచ్చు వేసే త్రీడీ ప్రింటర్లు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, పరికరాలను ఆవిరితో స్టెరైల్ చేసే ఆటోక్లేవ్ నడిచేది 121 డిగ్రీల మీద. చేతిలో ముద్దుగా ఉన్న రిట్రాక్టర్ (కోతను తెరిచి పట్టుకునే పరికరం) ఒక్క సైకిల్‌కే వంకర తిరిగి బయటికొస్తుంది. చూసుకోవడానికి పీఎల్ఏ చాలు, స్టెరైల్ చేసి వాడాలంటే నైలాన్ పీఏ12 గానీ, 316ఎల్ స్టీల్ గానీ కావాలి. ఆక్వా ఏరేటర్ల షాఫ్టులు తిప్పే లేతు షాపుల్లో పనితనానికి వంక పెట్టలేం. అయితే వాళ్ల దగ్గర సాధారణంగా ఉండేది 304 స్టీలు, దానికి మెటీరియల్ సర్టిఫికెట్ ఉండదు. సర్టిఫికెట్ లేని లోహంతో చేసిన ముక్కను బయోకంపాటిబిలిటీ (ఒంటికి పడుతుందా లేదా అనే) టెస్టుకు పంపితే డబ్బు దండగ.

వ్యాక్ మెషీన్‌నే తీసుకుంటే ల్యాబ్ ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది. మైనస్ 125 మిల్లీమీటర్ల పాదరసం పీడనం, 400 నుంచి 600 మైక్రాన్ల రంధ్రాలున్న ఫోమ్, పైన పారదర్శక ఫిల్మ్. బెంచి మీద అరగంటలో పని చేయించేస్తారు. అసలు కష్టం కాలి వేళ్ల మధ్య గాలి లీకవడం. లీకైతే పంపు ఆగకుండా తిరిగి బ్యాటరీ తినేస్తుంది. డబ్బా నిండితే రసి పంపులోకి ఎక్కుతుంది, కాబట్టి మధ్యలో నీటిని ఆపే ఫిల్టర్, నిండినట్టు చెప్పే అలారం తప్పనిసరి. సక్షన్ లేకుండా ఫోమ్‌ను రెండు గంటలకు మించి పుండు మీద ఉంచకూడదు. తుపాను రోజుల్లో కరెంటు ఎంతసేపు పోతుందో కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు, బ్యాటరీ సైజు ఆ లెక్కన ఉండాలి. ఇక ఉప్పుగాలికి సర్క్యూట్ బోర్డు మీద టంకాలు పచ్చబడతాయి, పూత వేయకపోతే వానాకాలం గడవదు. వీటిలో ఒక్కటీ ల్యాబ్ చెక్‌లిస్టులో లేదు.

లైసెన్సుల విషయంలో సెల్‌కు అవగాహన ఉంది, ప్లానింగ్ లేదు. 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ కింద రిస్క్ తక్కువుండే ఏ, బీ క్లాసులకు రాష్ట్రం, రిస్క్ ఎక్కువుండే సీ, డీ క్లాసులకు కేంద్ర డ్రగ్ కంట్రోల్ సంస్థ సీడీఎస్‌సీఓ లైసెన్స్ ఇస్తుంది. పరీక్షల కోసం కొద్ది సంఖ్యలో తయారు చేయాలన్నా ముందు ఎండీ-12 ఫారంలో దరఖాస్తు పెట్టి ఎండీ-13 అనే టెస్ట్ లైసెన్స్ తెచ్చుకోవాలి. సెల్ ఇచ్చే షెడ్యూల్లో ఆ వరసే కనబడదు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది కదా అని పేషెంటుకు పెట్టేస్తే చిక్కుల్లో పడతారు. వైద్య పరికరాల రిస్క్ ప్రమాణం ఐఎస్ఓ 14971 ప్రకారం రిస్క్ ఫైల్ మొదటి నెల నుంచే రాసుకోవాలి, చివర్లో కూర్చుని అల్లింది ఆడిటర్ ఇట్టే పట్టేస్తాడు. కరెంటుతో నడిచేదైతే ఐఈసీ 60601 అనే విద్యుత్ భద్రతా టెస్టులు ఉంటాయి. విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో ల్యాబులున్నాయి కాబట్టి హైదరాబాద్ పరుగు అక్కర్లేదు.

గ్రాంట్ అప్లికేషన్లు మాత్రం శ్రద్ధగా రాయిస్తారు. ప్రోటోటైప్‌కు కేంద్ర ప్రభుత్వ పథకాలైన నిధి ప్రయాస్‌లో 10 లక్షల దాకా, బైరాక్ బిగ్‌లో 18 నెలలకు 50 లక్షల దాకా అడగొచ్చు. బడ్జెట్‌లో టెస్టింగ్ ఖర్చు విడిగా చూపించమని మీరే పట్టుబట్టండి, లేకపోతే డబ్బంతా జీతాలకు, ప్రింటర్లకు పోతుంది.

ప్రతి సర్జన్‌నూ కంపెనీ పెట్టమని తోయడం వాళ్ల బలహీనత. రోజూ ఓపీ చూసే మనిషికి అది కుదిరే పని కాదు, తయారీదారుకు లైసెన్స్ ఇవ్వడమే మేలు. అప్పుడు ఒప్పందంలో కనీస రాయల్టీ, ఫలానా గడువులోగా అమ్మకాలు మొదలుకాకపోతే హక్కు వెనక్కి వచ్చే షరతు, నికర అమ్మకమంటే ఏమేం మినహాయిస్తారో, ఈ మూడూ రాయించుకోండి. సెల్ నమూనా ఒప్పందంలో మొదటిది ఒక్కటే ఉంది.

మొత్తం మీద ఐదింటికి మూడున్నర ఇవ్వొచ్చు. ఇంకో మాట, సిటింగులు పొద్దున పదకొండింటికి పెడతారు. సర్జన్లు థియేటర్లో ఉండే వేళ అది. సాయంత్రం కావాలని ముందే మెయిల్ పెడితే మార్చి ఇస్తున్నారు, ఫోన్‌లో అడిగితే మాత్రం "చూస్తామండి" అని ఊరుకుంటారు.