రీడ్ ఎలాంగ్ తెలుగులో: ఏ పిల్లలకు పనికొస్తుంది, దేన్ని వినిపించుకోదు

గూగుల్ 2019లో ‘బోలో’ పేరుతో హిందీ, ఇంగ్లిష్ చదివించడానికి తెచ్చిన యాప్ మరుసటి ఏడాది ‘రీడ్ ఎలాంగ్’గా మారింది. తెలుగూ అందులో చేరింది. ఉచితం, ప్రకటనల బెడద లేదు. తెర మీద కథ వస్తుంది, పిల్లలు పైకి చదువుతారు, దియా అనే బొమ్మ వింటుంది. తడబడితే అందిస్తుంది, మాట మీద వేలు పెడితే పలికి వినిపిస్తుంది, బాగా చదివితే నక్షత్రాలిస్తుంది. చదవడంలో వెనకబడిన పిల్లల కోసం ప్రాథమిక బడిలో పెట్టుకోదగినదే. అయితే అందరికీ కాదు. అక్షరాలే రాని పిల్లలకు ఇస్తే టైం దండగ.

అందుకే ట్యాబ్‌లు పంచేముందు పిల్లల్ని విడదీయాలి. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలో వాడే పరీక్ష పత్రం దీనికి సరిపోతుంది. ముందు పేరా చదివించండి. ధారగా, మూడు తప్పులకు మించకుండా చదివితే కథ ఇవ్వండి, లేదంటే పదాలకు దిగండి. ఐదు పదాల్లో నాలుగైనా రాకపోతే అక్షరాలకు. పదం, పేరా మెట్ల మీద ఆగిన పిల్లలకే ఈ యాప్. అక్షరం దగ్గరే ఉన్న పిల్ల ప్రతి మాట మీదా వేలు పెడుతుంది, విన్నది అప్పజెబుతుంది. నక్షత్రాలు వస్తాయి, చదువు రాదు. ఆమెకు కావలసింది గుణింతం కార్డులు, పక్కన టీచరు. కథ మెట్టు దాటినవాళ్ల చేతికి పుస్తకాలిచ్చి వదిలేయవచ్చు.

ఇక అసలు చిక్కు. మాటను గుర్తుపట్టే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఏదైనా, రావలసిన మాట ఏదో ముందే తెలుసుకుని, విన్న శబ్దం దానికి దగ్గరగా ఉందా అని చూస్తుంది. చిన్నపిల్లల ముద్దుమాటల్నీ, ఊరి యాసనీ తప్పు పట్టకూడదు కాబట్టి కాస్త ఉదారంగానే ఉండాలి. కానీ తెలుగు చదవలేని పిల్లల తప్పులు చాలావరకు సరిగ్గా ఆ ఉదారత కిందికే వస్తాయి: దీర్ఘం వదిలేయడం, ఒత్తు మింగేయడం. ‘నాది’ని ‘నది’ అన్నా, ‘గడ్డి’ని ‘గడి’ అన్నా శబ్దంలో తేడా రవ్వంతే. కథలో అలాంటివి దాటిపోతుంటాయి. ద, ధల తేడా సంగతి చెప్పనే అక్కర్లేదు, పెద్దవాళ్లలోనే చాలామంది నోట అది పలకదు. ఎదురు తప్పు కూడా ఉంటుంది: ‘త..మ్ము..డు’ అని కూడబలుక్కుని సరిగ్గానే చదివిన పిల్లవాడి దగ్గర యాప్ ముందుకు కదలకపోవచ్చు, ఎందుకంటే ముక్కలుగా వచ్చిన శబ్దం దానికి మాటలా వినపడదు. అలాంటప్పుడు ముక్కలు కలిపి ఒక్క ఊపిరిలో మళ్లీ అనమని నేర్పాలి. ఆ అలవాటు పిల్లలకు ఎలాగూ మంచిదే.

తరగతిలో అమర్చుకోవడం మీదే సగం ఫలితం ఉంటుంది. పక్క గదిలో బృందపఠనం, నెత్తిన ఫ్యాను, పక్కపక్కనే కూర్చున్నవాళ్లు ఒకేసారి గొంతెత్తడం, ఈ మూడూ కలిస్తే మైకుకు ఏమీ అర్థం కాదు. తీగకు మైకున్న మామూలు ఇయర్‌ఫోన్ వాడి, మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకు రెండు వేళ్ల ఎడంలో ఉంచండి. ఊపిరి చప్పుడు తగ్గుతుంది. గదికి నలుగురే, నాలుగు మూలల్లో, గోడవైపు తిరిగి. తెర ఎనిమిది అంగుళాలకు తగ్గకపోతే మేలు. చిన్న ఫోన్లో అక్షరం కింది ఒత్తు చీమంత ఉంటుంది, అసలే ఒత్తు వదిలేసే పిల్లలకు అది ఇంకో సాకు. కథలు నెట్ ఉన్నచోట ముందే దించుకుంటే తరువాత నెట్ లేకున్నా నడుస్తుంది. గొంతును ఆ పరికరంలోనే పరిశీలిస్తామని, సర్వర్లకు పంపమని గూగుల్ ప్రకటించింది.

ఒక్కొక్కరికి పది, పన్నెండు నిమిషాలు చాలు. పేజీని ముందు మనసులో చదివించి, తరువాతే పైకి చదివించండి. రాని మాట దగ్గర ముందు సొంతంగా ప్రయత్నించాలి, అప్పుడే వేలు. విన్నాక ఆ మాట ఒక్కటే కాదు, వాక్యం మొత్తం మళ్లీ చదవాలి. ఈ చివరిది మానేస్తే మిగతాదంతా చిలకపలుకే. కథను టీచరే ఎంచాలి. పిల్లలకు వదిలేస్తే నక్షత్రాల కోసం వచ్చిన కథనే తిప్పి తిప్పి చదువుతారు. యాప్‌లో ఉన్న పదాల ఆటలు వారానికి ఒకసారి చాలు.

నక్షత్రాల లెక్కను ప్రగతి రిజిస్టరులోకి ఎక్కించకండి. పిల్లల కథలు ఉచితంగా దొరికే స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటాయి, దించుకుని అచ్చు తీసుకోవచ్చు. యాప్‌లో చూడని కథ ఒకటి అదే స్థాయిలో తీసి, వారానికోసారి కాగితం మీద ఒక నిమిషం చదివించండి. దీర్ఘం, ఒత్తు, వదిలేసిన మాట అని మూడు గడులు గీసి తప్పుల్ని గీతలుగా వేయండి. ఏ గడి నిండుతోందో మరుసటి వారం టీచరు చేతి పని అదే. తరువాత కథ మీద రెండు ప్రశ్నలు అడగండి, ఒకటి ‘ఎందుకు’తో మొదలవ్వాలి.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలంటుంది. తెలుగులో ‘ఆడుకుంటున్నప్పుడు’ ఒక్క పదమే. అదే భావానికి హిందీలో రెండు మూడు పదాలు లెక్కకొస్తాయి. కాబట్టి పదాలతో పాటు అక్షరాలనూ లెక్కపెట్టుకుంటే పిల్లలకు అన్యాయం జరగదు. బోలో తొలినాటి ప్రయోగంలో, ఉత్తరప్రదేశ్‌లోని 200 గ్రామాల్లో, మూడు నెలల్లో 64 శాతం పిల్లల చదువు మెరుగైందని గూగుల్ చెప్పుకుంది. అది హిందీ సంగతి. మన ఒత్తులకు ఆ అంకె పూచీ పడదు.

బడిలో టీచరు ఫోను ఒక్కటే ఉంటే రోజుకు ముగ్గురు, నలుగురికి మించి తిప్పడం కుదరదు. అప్పుడు పేరా మెట్టు వాళ్లను పక్కన పెట్టి పదం మెట్టు వాళ్లకే ఇవ్వండి. మిగతావాళ్లను జంటలుగా కూర్చోబెట్టి, అచ్చు కథను ఒకరు చదువుతుంటే రెండోవాళ్లు వేలితో వెంబడించేలా చేయండి.