మసకబారిన ఫాగ్ లైట్లకు డ్రిల్ కిట్ కొనాలా?

ముందే చెప్పేస్తాం: డ్రిల్ మిషన్‌కు తగిలించి లైటు అద్దాన్ని రుద్ది మెరిపించే డ్రిల్ కిట్ హెడ్‌లైట్లకు మంచి సరుకే, ఫాగ్ లైట్లకు మాత్రం దండగ. ఆక్టేవియా ఆర్ఎస్, సీడియా, పాలియో జీటీఎక్స్ లాంటి పాత స్పోర్ట్స్ బండ్లకు ఫాగ్ లైట్లు బంపర్‌లో బాగా కింద ఉంటాయి. వరంగల్–కరీంనగర్ రోడ్డులో గ్రానైట్ లారీల వెనకో, భూపాలపల్లి వైపు బొగ్గు లారీల వెనకో వెళ్తే, ఎగిరే ఇసుకా కంకరా మొదట తగిలేది వాటికే. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున ములుగు దాటి ఏటూరునాగారం రోడ్డు ఎక్కాక వాటితో అసలు పని పడుతుంది. అప్పటికి అవి పాలు పోసినట్టు తెల్లబడి ఉంటాయి.

త్రీఎమ్ డ్రిల్ కిట్ తీసుకుంటే అందులో 500, 800 గ్రిట్ (గరుకు నంబరు, పెరిగేకొద్దీ నున్నన) సాండ్‌పేపరు బిళ్లలు, ట్రైజాక్ట్ అనే ఒక నున్నటి 3000 బిళ్ల, ఫోమ్ ప్యాడ్, రబ్బింగ్ కాంపౌండ్ (మెరుపు పేస్టు) పాకెట్ ఉంటాయి. బిళ్ల వెడల్పు 3 అంగుళాలు. చాలా ఫాగ్ లైట్ల అద్దమే 3, 4 అంగుళాలు. బిళ్ల తిరగడానికి చోటుండదు, అంచు దగ్గర ఒకేచోట రాసుకుని ప్లాస్టిక్ వేడెక్కుతుంది, అక్కడ తెల్లటి కాలిన మచ్చ పడుతుంది. ఆ మచ్చ మళ్లీ పోదు. పైగా 500 గ్రిట్ ఇంత చిన్న అద్దానికి మరీ గరుకు. ఎండ నుంచి కాపాడే యూవీ పూత కూడా కొన్ని రకాల కిట్లలోనే వస్తుంది, డబ్బా మీద చూసుకోవాలి. దానికి బదులు వరంగల్ ములుగు రోడ్డు ఆటోనగర్‌లో ఏ పెయింట్ షాపులో అడిగినా 1000, 1500, 2000, 3000 వాటర్ పేపర్లు (తడిపి చేత్తో రుద్దే సాండ్‌పేపర్లు) విడిగా ఇస్తారు. రెండు లైట్లకు ఒక్కో నంబరులో ఒక్క షీటు సరిపోతుంది.

పేపరు తడిపేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, అద్దం గాజుదా ప్లాస్టిక్‌దా. గోరుతో కొడితే గాజు టింగుమంటుంది, ప్లాస్టిక్ మొద్దుగా పలుకుతుంది. అనుమానముంటే అద్దం మీద వలయంలో ఉన్న ‘E’ అనే ఇంగ్లీషు అక్షరం గుర్తు చుట్టుపక్కల చూడండి. పీఎల్ అని ఉంటే ప్లాస్టిక్. బీ గానీ ఎఫ్3 గానీ ఉంటే అది ముందువైపు ఫాగ్ లైటని అర్థం. గాజు పసుపెక్కదు, రాళ్లు తగిలి గుంటలు పడుతుంది. పైపైన మసకైతే సీరియం ఆక్సైడ్ పొడిని నీళ్లలో కలిపి ఫెల్ట్ ప్యాడ్‌తో రుద్దితే తగ్గుతుంది. గోరుకు తగిలేంత గుంట ఉంటే లైటు మార్చడమొక్కటే దారి. గాజు మీద వాటర్ పేపర్ అసలు పెట్టొద్దు.

రెండోది, మసక బయటుందా లోపలుందా. అద్దం మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు మసక మాయమైతే అది పైపొరది, పేపరుతో పోతుంది. తడిపినా అలాగే కనిపిస్తే లోపల తేమో, సన్నటి పగుళ్లో ఉన్నట్టు. తేమైతే వెనక రబ్బరు మూత, బల్బు దగ్గరి ఓ-రింగ్ (రబ్బరు వలయం) మార్చి ఆరబెట్టాలి. కొందరు గాలి ఆడే చిన్న రంధ్రాన్ని కూడా సిలికాన్‌తో మూసేస్తారు. అలా చేస్తే తేమ బయటికి పోయే దారి ఉండదు, నాలుగు రోజుల్లో మళ్లీ చెమట పడుతుంది. ఇక బల్బు వెనక వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టర్ వెండి పూత నల్లబడినా, రాలినా పై అద్దం ఎంత మెరిపించినా వెలుగు రాదు. 55 వాట్ల లైటులో 100 వాట్ల బల్బు వేసిన బండ్లలో ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. ఆ పూతను గుడ్డతో తుడిచినా ఊడిపోతుంది.

లైటు బంపర్‌లో ఉండగా రుద్దితే మూలలు అందవు, పెయింటు మీద గీతలు పడతాయి. విప్పాల్సిందే. చాలా బండ్లలో చక్రం వెనక లైనర్ (ప్లాస్టిక్ తొడుగు) పక్కకు లాగితే లైటు స్క్రూలు కనిపిస్తాయి. పాత ప్లాస్టిక్ క్లిప్పులు చలి పొద్దున పుటుక్కున విరుగుతాయి, బండిని ఒక గంట ఎండలో నిలిపి తర్వాత పట్టుకోండి.

షాంపూతో కడిగి, 1000 పేపరుతో అడ్డంగా మొదలుపెట్టండి. నీళ్లలో ఒక చుక్క షాంపూ వేస్తే పేపరు పట్టేయదు. మొదట్లో కారే నీరు పసుపుగా ఉంటుంది. అది తెల్లగా మారితే పాత పూత పోయినట్టు. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. ఆఖర్లో మచ్చలు మచ్చలుగా కనిపించే లైట్లన్నీ పాత పూత సగం మిగిలినవే. తర్వాత 1500తో నిలువుగా రుద్దండి, అడ్డగీతలు పోయేదాకా. ఒక్కో అద్దానికి ఒక్కో పేపరు ఐదారు నిమిషాలు. అద్దం మీద బయటివైపే తయారీలో వేసిన గాట్లుంటే రుద్దొద్దు, కాంతి చెదిరిపోతుంది. పెట్రోలు, థిన్నర్ ఈ ప్లాస్టిక్‌కు విషం, పగుళ్లు తెస్తాయి. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. టూత్‌పేస్టు తెచ్చే మెరుపు కొన్ని వారాలకే దిగిపోతుంది. దోమల స్ప్రే పైపొరను కరిగించి మెరిపిస్తుంది, ఆ తర్వాత అద్దం ముందుకంటే పాడవుతుంది.

ఇక్కడ రెండు దారులు. టూకే క్లియర్ (గట్టిపరిచే ద్రవం, అంటే హార్డెనర్ కలిపి కొట్టే పారదర్శక పెయింటు) కొట్టించేట్టయితే 1500 దగ్గరే ఆపండి. నున్నగా మెరిసే అద్దానికి క్లియర్ పట్టదు, పొరలుగా లేస్తుంది. హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చేటు, అందుకే ఇది ఆవిరిని వడకట్టే కార్ట్‌రిడ్జ్ మాస్కున్న పెయింటర్ చేయాల్సిన పని. పలుచగా రెండు మూడు పూతలు, మధ్య పది నిమిషాలు. మే నెల మధ్యాహ్నం వద్దు, పొర సాగకముందే ఆరి నారింజ తొక్కలా అవుతుంది. క్లియర్ వద్దనుకుంటే 2000, 3000 పేపర్లు, ఆపైన చేత్తో కాంపౌండ్ పట్టి, మీద పారదర్శక పీపీఎఫ్ (కారు పెయింటును కాపాడేందుకు అతికించే) ఫిల్మ్ అతికించండి. ఈ రోడ్లకు మా ఓటు ఫిల్ముకే. యూవీని ఆపుతుంది, చిన్న రాళ్ల దెబ్బా కాస్తుంది, పాడైతే పీకి కొత్తది వేసుకోవచ్చు. అతికించేటప్పుడు బోరు నీళ్లు వాడొద్దు, ఫిల్ము కింద తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి. ఆర్వో నీళ్లు తీసుకోండి.

కొత్తవి కొనాల్సి వస్తే జతగా కొనండి, ఒకటే మారిస్తే వెలుగు రెండు రంగుల్లో కనిపిస్తుంది. కంపెనీ సరుకు దొరకనప్పుడు హెల్లా, వాలియో, డెపో పేర్లు వెతకండి. అద్దం మీద ‘E’ గుర్తు లేని జతలు ఎంత చవకైనా వద్దు, వాటిలో వెలుగు పైకి చిమ్మి మంచునే తెల్లగా వెలిగిస్తుంది. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు పెట్టినా అంతే.

బిగించాక గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలిపి లైటు వేయండి. వెలుగు పై అంచు, లైటు మధ్యభాగం ఎత్తు కన్నా 10 సెంటీమీటర్లు కిందికి, అడ్డంగా సమంగా ఉండాలి. ఎక్కువ పైకి ఉంటే వెనకున్న స్క్రూతో దించండి.