హువాంగ్‌హువాలీ బల్లా, జీటాన్ బల్లా?

పాత చైనా బల్లల్లో జీటాన్ అన్న మాట వినగానే మనం చెవులు రిక్కించాలి. ఆ కలపను సాధారణంగా మన శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనంగానే గుర్తిస్తారు. హువాంగ్‌హువాలీ కలప చైనా దక్షిణాన ఉన్న హైనాన్ దీవిది.

తేడా నమూనాలోనే కనబడుతుంది. మింగ్ రాజవంశ కాలపు (1368–1644) హువాంగ్‌హువాలీ బల్లకు నగిషీ తక్కువ. తేనె రంగు మీద మెలికలు తిరిగే చారలు, ముడుల దగ్గర చైనావాళ్లు 'దెయ్యం ముఖాలు' అనే సుడులు, ఇవే దాని అందం. జీటాన్ ముదిరితే ఊదా నలుపు, చార పెద్దగా కనబడదు. కానీ పోగు సన్నం, ఉలి కింద పెచ్చు లేవదు. అందుకే తర్వాతి చింగ్ రాజవంశపు దర్బారులో, ముఖ్యంగా చియెన్‌లాంగ్ చక్రవర్తి హయాంలో (1735–96), దాన్ని నిండా చెక్కారు. మాను లోపల తరచూ డొల్ల కాబట్టి వెడల్పు పలకలు అరుదు.

రెండింటిలోనూ పైపలక చట్రం గాడిలో కదిలేలా కూర్చుంటుంది. తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకోవాలి కదా. మరమ్మతు పేరుతో గాడి నిండా జిగురు పోస్తే వేసవిలో పలక పగులుతుంది. జీటాన్‌ను స్పిరిట్‌తో తుడవకండి, ఎరుపు గుడ్డకు దిగుతుంది.

రోజూ రాసుకునే బల్లగా హువాంగ్‌హువాలీయే మేలు. జీటాన్ చెక్కడాల సందుల్లో దుమ్ము తీయడానికి మెత్తటి కుంచె పట్టుకుని కూర్చోవాల్సిందే.