ఐస్‌లాండ్‌లో జాగ్రఫీ క్రెడిట్: 110 గంటలు ఎక్కడ కరిగిపోతాయంటే

పన్నెండు రోజుల టూరు, చేతికి ఒక పూర్తి హైస్కూల్ క్రెడిట్ అని బ్రోచర్‌లో కనిపిస్తే ముందు కాగితం మీద లెక్క వేయండి. కెనడాలోని అంటారియోలో ఒక క్రెడిట్ అంటే 110 గంటల చదువు. పోయే రోజు, వచ్చే రోజు తీసేస్తే పది రోజులు మిగులుతాయి. రోజుకు ఎనిమిది గంటలు పిండినా ఎనభయ్యే. మిగతా ముప్పై గంటలు బయల్దేరేముందో, తిరిగొచ్చాకో ఎవరు చెబుతారు, ఏ తేదీల్లో చెబుతారు అని అడగండి. నీళ్లు నమిలారా, అడ్వాన్సు కట్టకండి. బస్సు కిటికీలోంచి చూసిన ప్రతి గంటనూ ఫీల్డ్‌వర్క్ ఖాతాలో రాసేసే ప్రోగ్రాములకు కొదవలేదు. రేక్యవిక్ నుంచి యోకుల్సార్లోన్ మంచు సరస్సు దాకా దాదాపు 370 కిలోమీటర్లు. ఒక్కరోజులో పోయి రావాలంటే పిల్లలు అధ్యయనం చేసేది ముందు సీటు వీపునే.

కోర్సు ఎంపికలో బ్రాంప్టన్, మిసిసాగా తెలుగు ఇళ్లలో పదేపదే జరిగే పొరపాటు ఒకటుంది. ఐస్‌లాండ్‌కు అతికినట్టు సరిపోయేది సీజీఎఫ్3ఎం, ప్రకృతి శక్తులూ విపత్తుల కోర్సు. కానీ అది పదకొండో తరగతిది. యూనివర్సిటీలు సాధారణంగా చూసే ఆరు కోర్సుల మార్కులూ పన్నెండో తరగతి యూ (యూనివర్సిటీ), ఎం (యూనివర్సిటీ/కాలేజీ) కోర్సులవి. ఆ సగటు పెంచుకోవడమే ఉద్దేశమైతే పర్యావరణం, వనరుల మీద ఉన్న సీజీఆర్4ఎం తీసుకోవాలి. నిర్వహించేది ప్రైవేట్ స్కూలైతే విద్యాశాఖ జాబితాలో ఆ స్కూలు పేరు ఎదురుగా ఓఎస్ఎస్‌డీ (అంటారియో హైస్కూల్ డిప్లొమా) క్రెడిట్లు ఇస్తుందని ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ఏజెంట్ మాట చాలదు. ఫైనల్ మూల్యాంకనానికి 30 శాతం మార్కులు. దాన్ని చివరి రాత్రి హాస్టల్ బంకు మీద రాయిస్తారా, ఇంటికొచ్చాకనా? జలుబు చేసిన పిల్లకి ఈ తేడాతోనే పది మార్కులు అటూఇటూ అవుతాయి.

ఇండియన్ పాస్‌పోర్టుతో కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) మీద ఉన్న పిల్లలకు షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా తప్పదు. పన్నెండేళ్లు దాటితే ఫీజు 90 యూరోలు, సెంటర్ సర్వీస్ చార్జీ వేరే. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. మే వచ్చేదాకా ఆగితే అపాయింట్‌మెంట్ దొరక్క గుంపు ఎగిరిపోయి మనవాడు ఇంట్లో ఉంటాడు. పీఆర్ కార్డు గడువూ అప్పుడే చూసుకోవాలి, తిరుగు విమానం ఎక్కనిచ్చేది అదే. మైనరు కాబట్టి అమ్మానాన్నలిద్దరి సంతకాలతో అనుమతి పత్రం జేబులో ఉంచండి.

బసల్లో ఒకటి గట్టిగా చెప్పుకోవాలి. దక్షిణ తీరంలోని ఒక గెస్ట్‌హౌస్‌లో పద్దెనిమిది మందికి ఉన్నది ఆరుగురు పట్టే ఒక్క భోజనాల బల్ల. రాత్రి రెండు గంటల రాతపని షెడ్యూల్లో ఉంది, రాసుకునే చోటు మాత్రం లేదు. పిల్లలు మంచాల మీద బోర్లా పడుకుని పటాలు గీశారు. ఒకరి టీ ఇంకొకరి పటం మీద ఒలికింది. కర్టెన్లు పల్చన. జూన్ చివర్లో అక్కడ సూర్యుడు అర్ధరాత్రి దాకా కుంకడు, మూడింటికల్లా మళ్లీ పొడుస్తాడు. రెండో పొద్దుటికి అందరి మొహాలూ పీక్కుపోయి, ఒకరితో ఒకరు మాట్లాడే ఓపిక కూడా లేదు. బస ఫొటోలు చూసేటప్పుడు పరుపులు కాదు, బల్లలు లెక్కపెట్టండి. కళ్లకు గంత తప్పనిసరి.

థింగ్‌వెట్లిర్ జాతీయ పార్కు బాగుంది, ఒక్క పూట చాలు. బ్లూ లగూన్ వేడినీళ్ల కొలను క్రెడిట్ టూరులో దండగ. అది పక్కనున్న స్వార్ట్‌సెంగి భూతాప విద్యుత్ కేంద్రం వాడి వదిలిన నీళ్లు. ఆ ముక్క చెప్పడానికి టికెట్ అక్కర్లేదు.

డబ్బుకు తగ్గ చదువు దొరికింది హేమాయ్ దీవిలో. 1973 జనవరి 23 రాత్రి ఊరి అంచునే నేల చీలి లావా ఎగసింది. తుఫాను వల్ల పడవలన్నీ రేవులోనే ఉన్నాయి కాబట్టి అయిదు వేలకు పైగా జనాన్ని రాత్రికి రాత్రే దాటించగలిగారు. తర్వాత లావా మీదికి సముద్రపు నీరు పంపులతో కొట్టి, గట్టిపరిచి, రేవు మూసుకుపోకుండా కాపాడుకున్నారు. విపత్తు నిర్వహణ అనే అధ్యాయం మొత్తం రెండు గంటల నడకలో అర్థమవుతుంది. ఆ లావాతోనే పుట్టిన ఎల్డ్‌ఫెల్ కొండ పైన రాళ్ల కింద కాస్త తవ్వి అరచెయ్యి పెడితే ఇంకా వెచ్చగా తగులుతుంది. చిక్కు ఫెర్రీతోనే. దగ్గరి రేవు లాండేయాహోప్న్ నుంచి ముప్పావు గంటలోపే దీవి చేరొచ్చు. కానీ ఆ రేవులో ఇసుక మేట వేస్తుంది, అలలు ఎక్కువైతే పడవ థోర్లాక్స్‌హోప్న్‌కు మారి ప్రయాణం దాదాపు మూడు గంటలవుతుంది. వెనక ఒక రోజు ఖాళీ పెట్టని ప్లాను నమ్మకండి. వాంతుల మాత్ర ఎక్కడానికి గంట ముందే వేయించండి.

సోల్‌హేమా హిమానీనదం దగ్గర కొలతలున్న బోర్డు ఉంటుంది. 2010 నుంచి దగ్గరి స్కూలు పిల్లలే ఏటా మంచు ఎంత వెనక్కి పోయిందో కొలుస్తున్నారు. అక్కడ ఫొటోలతో సరిపెట్టకుండా మంచు అంచు నుంచి మూడు దూరాల్లో, చోటుకు ముప్పై చొప్పున రాళ్ల పొడవు కొలిపిస్తే మంచి రిపోర్టు తయారవుతుంది. పెన్ను వానలో పనిచేయదు, పెన్సిలూ తడవని నోట్‌బుక్కూ ఇవ్వండి. విడి కాగితాలు గాలి పాలే. రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో మాత్రం నోట్సు సంగతి మరిచి హెచ్చరిక దీపం రంగు చూడండి. సముద్రానికి వీపు తిప్పకూడదు, ఆ అలలు మనుషుల్ని లాక్కుపోయాయి.

చిన్నవి ఇంకొన్ని. ఈతకొలనులోకి దిగేముందు బట్టల్లేకుండా, సబ్బుతో స్నానం చేయాలనేది అక్కడి నియమం. ఇంట్లోనే చెప్పి పంపండి, లేకపోతే సగం మంది గట్టునే కూర్చుంటారు. వేడినీళ్ల కుళాయిలో గంధకం వాసన వస్తుంది, అది రోగం కాదు. తాగడానికి చన్నీళ్ల కుళాయి చాలు, సీసాలు కొనొద్దు. వెండి పట్టీలు, గొలుసులు ఇంట్లోనే తీసి పెట్టండి. ఆ వేడినీళ్లకు నాలుగు స్నానాల్లో నల్లబడతాయి.