ఎర్ర తువాలు ఎత్తి చూడకుండా డబ్బు ఇవ్వకండి

డెట్రాయిట్ చుట్టుపక్కల పాత కార్ల కోసం తిరుగుతున్న మనవాళ్ళకు ఇది. ఉత్తరాన మూడు షెడ్లు వేసుకుని కూర్చున్న ఆ పెద్దమనిషి ఎవరో మీకు తెలుసు. ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల సంబరం జరిగేటప్పుడు మడతకుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళకు చల్లటి సోడా ఇచ్చి మరీ కబుర్లు చెబుతాడే, ఆయనే. పేరు రాయను. రాస్తే కేసు వేస్తానని మొన్న శనివారం ముఖం మీదే చెప్పాడు.

1968 పాంటియాక్ జీటీఓ అని చెప్పి ఆయన నాకు 38,000 డాలర్లకు అమ్మినది జీటీఓ కాదు, అదే కంపెనీ చిన్న ఇంజన్‌తో తక్కువ ధరకు అమ్మిన లెమాన్స్. లెమాన్స్ అని ముందే చెప్పి ఉంటే అందులో సగం కూడా ఇచ్చేవాడిని కాను.

వెనకటి కథ గబగబా చెప్పేస్తాను. బాగుచేసుకోవడానికి ఒక పాత కారు కావాలని మూడేళ్ళుగా ఇంట్లో పంచాయితీ. మస్టాంగ్ కొను, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి అని నా బుద్ధి చెప్పింది. అసలు ఏదీ కొనవద్దని మా ఆవిడ చెప్పింది. నేను ఇద్దరి మాటా వినలేదు. 68 జీటీఓ ముక్కు చూసినవాళ్ళకు నా బాధ తెలుస్తుంది. ముందు క్రోము బంపరు ఉండదు, బండి రంగే పూసిన ఎండ్యూరా ముక్కు, అంటే రబ్బరులాంటి మెత్తటి పదార్థంతో చేసిన బంపరు. కొన్నింటికి ఆర్‌పీఎం మీటరు లోపల కాదు, బయట బానెట్ మీద ఉంటుంది. 400 ఘనపు అంగుళాల ఇంజన్, 350 హార్స్‌పవర్. ఆయన ప్రకటనలో ఇవన్నీ ఉన్నాయి. ముదురాకుపచ్చ రంగు కూడా. ఇంకేం, పడిపోయాను.

మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడు నాన్నగారిని కూడా తీసుకువెళ్ళాను. మే నెలలో వచ్చారు, ఇంట్లో కూర్చుని విసుగెత్తి ఉన్నారు. రాజమండ్రి ఆర్టీసీ డిపోలో 31 ఏళ్ళు పనిచేసిన మనిషి. నేను బానెట్ మీద మీటరును ఫోటోలు తీసుకుంటూ ఉంటే ఆయన బండి చుట్టూ తిరిగి, వెనక చక్రం పైన రేకు మీద వేలి కణుపుతో కొట్టారు. కుండ కొనేటప్పుడు మా నాయనమ్మ కొట్టేది చూడండి, అచ్చం అలాగే. టక్, టక్, టక్, తరవాత ఒకచోట ధప్. మళ్ళీ ధప్. "ఒరేయ్, ఇక్కడ మోగడం లేదురా" అన్నారు. "నాన్నగారూ, అమెరికా కార్ల రేకు మందంగా ఉంటుంది, మీకు తెలియదు" అన్నాను. ఈ మాట నేనే అన్నాను. నా నోటితోనే. అమ్మకందారు చిరునవ్వు నవ్వి, ఎడారి రాష్ట్రం అరిజోనా నుంచి తెచ్చిన బండి, మంచు కరగడానికి ఉప్పు చల్లి రేకు తుప్పు పట్టించే మన మిషిగన్ రోడ్లు ఎరగదు అన్నాడు.

డాష్‌బోర్డు మీద, డ్రైవరు వైపు మూలన, మడిచిన ఎర్ర తువాలు ఒకటి ఉంది. అద్దం తుడవడానికి అనుకున్నాను. నేను తీసిన నలభై ఫోటోల్లోనూ అది ఉంది. ప్రకటన ఫోటోల్లోనూ ఉంది. బండి ట్రక్కు మీద మా ఇంటికి వచ్చినప్పుడు కూడా అలాగే, అక్కడే ఉంది!

శుక్రవారం మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్ళాను. ముసలాయన, పాంటియాక్ బండ్లు తప్ప వేరేవి ముట్టుకోడు. చేయి లోపలికి పెట్టి తువాలు తీసి పక్కన పడేశాడు. దాని కింద విన్ నంబరు పలక. మన దగ్గర ఛాసిస్ నంబరు అంటామే, అదే. 1968 నుంచి అది ముందు అద్దంలోంచి బయటికి కనిపించేలా ఉంటుంది. ఆయన అద్దం మీద వేలు పెట్టి మూడు అంకెలు చదివాడు. రెండు, మూడు, ఏడు. ఇక నాలుగోది చదవలేదు. 1966 నుంచి 1971 దాకా ప్రతి జీటీఓ నంబరూ 242తో మొదలవుతుందట. 237 అంటే లెమాన్స్.

నేను పగలంతా కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టి జీతం తీసుకునేవాడిని. పదమూడు అక్షరాల నంబరులో మొదటి మూడు చదవడం చేతకాలేదు. ఆ నంబరు టైటిల్ కాగితం మీద కూడా ఉంది. దాని కిందే సంతకం పెట్టాను. పాంటియాక్ వాళ్ళు 1968లో 87,684 జీటీఓలు చేశారు. 87,685వది నాకోసం ఈయన షెడ్డులో తయారైంది.

మిగతాది కూడా వినండి. 350, 400 ఘనపు అంగుళాల ఇంజన్లు బయటికి కవలపిల్లల్లా ఉంటాయి. బ్లాకు ముందువైపు కొట్టిన రెండక్షరాల కోడ్ చూస్తేనే తెలుస్తుంది. దాని మీద దట్టంగా పూసిన నీలం పెయింటు గీకితే 350 అని తేలింది. నాన్నగారు ధప్ అనిపించిన చోట అర అంగుళం లప్పం. డిక్కీలో కొత్త చాప అతికించి ఉంది, అది ఊడదీస్తే కింద షెడ్డు నేల కనిపించింది. అరిజోనాలో సముద్రం ఎప్పుడు వచ్చిందో మరి.

శనివారం ఉదయం నాన్నగారూ నేనూ అమ్మకందారు దగ్గరికి వెళ్ళాం. అదే కుర్చీ, అదే చిరునవ్వు. ఈసారి సోడా లేదు. 237 అన్నాను. ఏమాత్రం తడబడకుండా ఫోను తీసి తన ప్రకటన చూపించాడు. 'ఇంకా చదవండి' నొక్కితే గానీ కనిపించని చోట, టైర్ల సైజుకూ బ్యాటరీ వయసుకూ మధ్య, 'లెమాన్స్ ఆధారంగా' అని రెండు ముక్కలు. "చదువు రాని వాళ్ళకు నేను కార్లు అమ్మను, అందుకే నీకు వచ్చనుకున్నాను" అన్నాడు.

అక్కడితో ఆగలేదు. నాకు చరిత్ర పాఠం మొదలుపెట్టాడు. 1964లో పాంటియాక్ ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం చేసింది మాత్రం ఏమిటి, తమ మామూలు మోడలు టెంపెస్ట్ తీసుకుని అందులో 389 ఇంజన్ పెట్టడమే కదా, మధ్యరకం కార్లలో ఇంజన్ 330 ఘనపు అంగుళాలు మించకూడదని మాతృసంస్థ జనరల్ మోటార్స్ నియమం ఉంటే దాన్ని తప్పించుకోవడానికి ఎంపిక సామగ్రి అని పేరు పెట్టారు కదా, జీటీఓ పుట్టిందే అలాగ, నేను చేసిందీ అదే అన్నాడు. చరిత్ర నిజమే, అందుకే ఇంకా మండింది. వాళ్ళు ఆ పని ఫ్యాక్టరీలో చేసి బిల్లు మీద రాశారు, పైగా పెద్ద ఇంజన్ పెట్టారు, నువ్వు అది కూడా పెట్టలేదు అనాలని నాకు తట్టింది ఇంటికి వచ్చే దారిలో, ట్రాయ్ దాటాక.

నాన్నగారు అప్పుడు షెడ్డులో ఉన్న ఇంకో బండి రేకు మీద వేలితో కొడుతున్నారు. అమ్మకందారు అటు చూసి, "పెద్దాయనకు చెప్పు, ఇది మీ ఊరి ఎడ్లబండి కాదు, చెయ్యి తియ్యమను" అన్నాడు. 38,000 తీసుకున్న మనిషి. ఆ ముందు వారం అదే పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగిన మనిషి. నాకు నోరు పెగలలేదు. డబ్బు పోయినందుకంటే ఆ నిమిషం ఊరుకున్నందుకు నన్ను నేను ఎక్కువ తిట్టుకుంటున్నాను.

తిరిగి తీసుకోనన్నాడు. 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న కాగితం మీద నా సంతకం భద్రంగా ఉంది. కారులో చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆయన ఇంగ్లీషు నాన్నగారికి అర్థం కాలేదేమో అనుకున్నాను. ఇంటి సందు తిరిగాక అన్నారు: "ఎడ్లబండి అన్నాడు కదూ? ఎడ్లబండికైనా ఇరుసు చూసి కొంటాంరా."

ఇక మీకు పనికొచ్చే ముక్కలు రెండు. 66 నుంచి 71 దాకా జీటీఓ అంటే 242 చూడండి, లేకపోతే వెనక్కి తిరగండి. 64, 65లో జీటీఓ వేరే మోడలు కాదు, అదనంగా డబ్బు కట్టి తీసుకునే ఎంపిక మాత్రమే, కాబట్టి నంబరు చూసి తేల్చలేరు. ఏ ఏడాదిదైనా పాత పాంటియాక్ రికార్డులు భద్రపరిచే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వారికి డబ్బు కట్టి ఫ్యాక్టరీ బిల్లు నకలు తెప్పించుకోండి, బండి ఏ ఇంజన్‌తో పుట్టిందో అందులో ఉంటుంది. 17 అక్షరాల నంబరు 1981 మోడళ్ళతోనే వచ్చింది, కనుక మనం మామూలు కార్లకు వాడే చరిత్ర నివేదికలు వీటికి పనిచేయవు. జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి, లప్పం ఉన్నచోట అది అతుక్కోదు. బండిని పైకి ఎత్తించి కింద చూడండి.

నిన్న రాత్రి ఆయన కొత్త ప్రకటన పెట్టాడు. ఈసారి 1970 జీటీఓ అట. డాష్‌బోర్డు మీద తువాలు నీలం రంగుది.