పీఈఐ 25కే: ఏళ్ల తరబడి వాడాక

హెచ్‌ఈకే 293టీ కణాల్లోకి (ల్యాబుల్లో పెంచే మనిషి కిడ్నీ కణాలు) ప్లాస్మిడ్ (జీన్‌ను మోసే గుండ్రటి డీఎన్‌ఏ) పంపడానికి లీనియర్ పీఈఐ (పాలీఇథిలీనిమైన్, డీఎన్‌ఏకు అతుక్కుని దాన్ని కణంలోకి చేర్చే పాలిమర్; 25కే అంటే దాని అణుభారం సుమారు 25 వేలు) చాలు, ఖరీదైన రీఏజెంట్ల జోలికి పోనక్కర్లేదు. రిజల్ట్ రాని రోజున మాత్రం నింద ముందు దీని మీదే పడుతుంది. చాలాసార్లు అన్యాయంగానే.

నిజంగా ఇది తప్పు చేసేది స్టాక్ (నిల్వ ద్రావణం) దగ్గర. మామూలు రకం చల్లటి నీళ్లలో కరగదు. హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో పీహెచ్ 2 కిందికి దించి, తేటపడేదాకా తిప్పి, సోడియం హైడ్రాక్సైడ్‌తో 7.0కి తేవాలి. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చేసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, చిన్న ట్యూబుల్లో మైనస్ 20లో దాచాలి. ఒకసారి కరిగించిన ట్యూబును 4 డిగ్రీల్లోనే ఉంచి వాడెయ్యండి, మళ్లీ ఫ్రీజ్ చేయొద్దు.

కణాలు 60–70 శాతం నిండిన సిక్స్‌వెల్ ప్లేటులో వెల్‌కు 2 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ, 6 మైక్రోలీటర్ల పీఈఐ, 200 మైక్రోలీటర్ల సీరం లేని మీడియం. కలిపి 15 నిమిషాలాగి చుక్కచుక్కగా వేయాలి. ఎక్కువసేపు వదిలేస్తే రేణువులు ముద్దకట్టి పని చెడుతుంది. మీడియంలో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) ఉంటే అసలు ఆశే వదులుకోండి, అది డీఎన్‌ఏ బదులు తానే పీఈఐకి అతుక్కుంటుంది.

పక్క వెల్‌లో జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రొటీన్) ప్లాస్మిడ్ పెట్టకుండా ఈ ప్రయోగం చేయడం దండగ. జీఎఫ్‌పీ వెలిగి మీ ప్రొటీన్ బ్లాట్‌లో (ప్రొటీన్‌ను యాంటీబాడీతో పట్టి చూపే పరీక్ష) కనబడకపోతే పీఈఐని వదిలేయండి. ప్లాస్మిడ్ సీక్వెన్స్‌లో ఫ్రేమ్ (మూడేసి అక్షరాలుగా చదివే వరుస) తప్పిందేమో చూడండి. స్రవించే ప్రొటీనైతే కణాల్లో కాదు, మీడియంలో వెతకాలి. మెంబ్రేన్ ప్రొటీన్‌ను 95 డిగ్రీల్లో మరిగిస్తే ముద్దకట్టి జెల్ పైనే ఆగిపోవచ్చు, 37 డిగ్రీల్లో వేడిచేసి చూడండి. వెంటవెంటనే విరిగిపోయే రకమేమోనని అనుమానముంటే, కణాలు తీసే ముందు 10 మైక్రోమోలార్ ఎంజీ132 (కణం ప్రొటీన్లను విరగ్గొట్టకుండా ఆపే మందు) నాలుగైదు గంటలు ఉంచండి.

జీఎఫ్‌పీ కూడా చీకటిగా ఉంటే కొత్త పీఈఐ ట్యూబు, తక్కువ పాసేజ్ (తక్కువసార్లు తిరగపెంచిన) కణాలు, ఆపై మైకోప్లాస్మా (కణాలకు సోకే చిన్న బ్యాక్టీరియా) ఉందేమో పీసీఆర్ పరీక్ష. మైకోప్లాస్మా మామూలు మైక్రోస్కోపులో కనబడదు, కణగోడ లేదు కాబట్టి పెనిసిలిన్‌కు లొంగదు. మీడియం తేటగా ఉందని ధీమా పడొద్దు.

జుర్కట్ లాంటి తేలే కణాలకు దీన్ని సిఫారసు చేయను, ఎలక్ట్రోపొరేషన్ (కరెంటుతో కణాల పొరకు రంధ్రాలు చేసి డీఎన్‌ఏ పంపడం) మేలు. ఇక 293టీలో జీ418 (ప్లాస్మిడ్ చేరని కణాలను ఏరి చంపడానికి వాడే మందు) వేసినా ఏ కణాలూ చావట్లేదంటే తప్పు మందుది కాదు, పీఈఐదీ కాదు. ఆ లైన్‌లో నియోమైసిన్ రెసిస్టెన్స్ జీన్ ముందే ఉంది, అదే జీ418నీ తట్టుకునేలా చేస్తుంది. ప్యూరోమైసిన్ వాడుకోండి.